బోర్డు లేని బండి

యోసేపు తిరువూరు డిపోలో ఇరవై ఎనిమిదేళ్లుగా బస్సు డ్రైవరు. అందులో పందొమ్మిదేళ్లు ఒకటే రోడ్డు. తిరువూరు నుంచి ఎ.కొండూరు, మైలవరం మీదుగా విజయవాడ, మళ్లీ వెనక్కి. ఏ మలుపులో గేదెలు అడ్డం వస్తాయో, ఏ ఊరి దగ్గర ఏ టీచరమ్మ గొడుగు పట్టుకుని చెయ్యెత్తుతుందో అతనికి చూడకుండానే తెలుసు. ఆ జూలైలో ఒకరోజు బస్సు మైలవరం స్టాండులో ఆగినప్పుడు కండక్టరు కరుణశ్రీ ఫోను పట్టుకుని డ్రైవరు సీటు దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, సుందరరాజు గారు డిపో గ్రూపులో ఫొటో పెట్టారు. ఎంత బాగుందో చూడండి."

వ్యాను వెనక తలుపు పైకెత్తి ఉంది. లోపల చెక్కల మంచం, గళ్ల దుప్పటి, చిన్న గ్యాసు పొయ్యి, దాని మీద మూతపెట్టిన గిన్నె. తలుపు అవతల వాన. వాన అవతల సముద్రం. ఫొటో కింది అంచున ఒకదాని మీద ఒకటి వేసుకున్న రెండు కాళ్లు. ఆ కాళ్లు సుందరరాజువి. కింద ఇలా రాసుంది: బోర్డు లేని బండి, మొదటి రోజు. మంగినపూడి. ఇవాళ ఎక్కడికీ పోవట్లేదు.

యోసేపు చాలాసేపు చూశాడు.

"టైర్లు బాగా అరిగిపోయినయ్," అన్నాడు చివరికి.

కరుణశ్రీ మళ్లీ ఫొటో వంక చూసుకుంది. అందులో టైర్లే లేవు.

సుందరరాజు యోసేపుకంటే నాలుగేళ్లు చిన్న. డిపోలో డ్రైవరుగా చేరిన కొత్తలో రెండు నెలలు యోసేపు పక్కన కూర్చుని రోడ్డు నేర్చుకున్నాడు. అప్పట్నించీ "అన్నా" అనే పిలుపు. పండక్కీ పబ్బానికీ ఒకరింట్లో ఒకరు. రెండేళ్ల క్రితం సుందరరాజు భార్య జబ్బుచేసి పోయింది. పిల్లల్లేరు. ఈ వేసవిలో అతను ఉద్యోగం మానేసి, గంపలగూడెంలో స్కూలు పిల్లల్ని తిప్పితిప్పి అలిసిపోయిన పాత వ్యానొకటి కొన్నాడు. సీట్లు తనే పీకాడు. రెడ్డిగూడెంలో మామిడికాయల పెట్టెలు చేసేవాళ్ల దగ్గర చెక్కలు తెచ్చి మంచం కొట్టుకున్నాడు. వానలు మొదలవగానే ఒక్కడే బయల్దేరాడు, సముద్రం పక్కనే ఎంతదూరం పోతే అంతదూరం.

వెళ్లినందుకు కాదు యోసేపు మండిపోయింది. బోర్డు లేని బండి అన్న మాట తనది.

ఎనిమిదేళ్ల క్రితం యాత్రికుల స్పెషల్ బస్సు మీద ఇద్దరూ భీమిలి దాకా వెళ్లారు. జనం సత్రంలో దిగిపోయాక, వానలో బస్సు మెట్ల మీద కూర్చుని సముద్రాన్ని చూస్తూ యోసేపు అన్నాడు. "ఒరేయ్ సుందరం, ఎప్పటికైనా బోర్డు లేని బండి ఒకటి కొంటాన్రా. అద్దం మీద ఏ ఊరి పేరూ ఉండదు. వాన ఎటు పడితే అటు పోతా." అప్పుడు సుందరరాజు నవ్వాడు. "నాకు సముద్రమంటేనే భయం అన్నా" అన్నాడు. ఇప్పుడు ఆ భయపడినవాడు అక్కడ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మాటన్నవాడు మైలవరంలో రివర్సు గేరు వేస్తున్నాడు. గ్రూపులో అందరూ "బోర్డు లేని బండి, ఎంత మంచి పేరు పెట్టారండీ" అని మెచ్చుకుంటున్నారు. ఆ పేరు ఎవరిదో సుందరరాజు ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఇంటికి వెళ్తే అక్కడా అదే. యోసేపు భార్య ప్రేమావతి ఇంట్లో జాకెట్లు కుడుతుంది. సుందరరాజు ఆమెకి రోజూ వాయిస్ మెసేజీ పెట్టేవాడు. ఆమె మిషను పక్కన ఫోను పెట్టుకుని, పెద్దగా వినేది.

"వదినా, ఇవాళ నరసాపురంలో ఆగిపోయా. గోదారి పోటుమీదుంది, బండ్లని అవతలి ఒడ్డుకి దాటించే పంటు ఆపేశారు. రేవు దగ్గరే బండి పెట్టుకున్నా. పొద్దున్నించీ వాన. బనీను ఉతికి స్టీరింగుకి ఆరేశా. అది ఆరేదాకా ప్రయాణం లేదు."

ప్రేమావతి పడీపడీ నవ్వేది. "విన్నారా? బనీను ఆరేదాకా ప్రయాణం లేదంట!"

"ఈ వానల్లో బనీను వారమైనా ఆరదు," అనేవాడు యోసేపు.

పంటు మళ్లీ నడిచింది. సుందరరాజు వ్యాన్ని దాని మీద ఎక్కించి గోదావరి దాటాడు. అంతర్వేది దగ్గర ఒక పెద్దామె నేర్పిందని చింతకాయ వేసి చేపల పులుసు ఎలా పెట్టాలో చెప్పాడు. ఆ ఆదివారం ప్రేమావతి అదే పులుసు పెట్టింది. యోసేపు మొదటి ముద్దకే "ఉప్పెక్కువైంది" అన్నాడు. తర్వాత రెండుసార్లు వేయించుకుని తిన్నాడు.

ఆ ఫొటోలు చూడకూడదనుకునేవాడు. డిపో వెనక షెడ్డులో ఎవరూ లేనప్పుడు ఫోను తీసి, వేళ్లతో పెద్దవి చేసి మరీ చూసేవాడు. టార్పాలిను తప్పుగా కట్టాడు, గాలికి ఎగిరిపోతుంది. బండి వాలులో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టలేదు. వాడికి బండి పెట్టడం నేర్పిందే నేను, అనుకునేవాడు. ఒకసారి మూడు రోజులు ఫొటో రాలేదు. ఆ మూడు రోజులూ యోసేపుకి ఆకలి బాగా వేసింది, డ్యూటీలో ఈల కూడా వేశాడు. నాలుగోరోజు పొద్దున్నే కొత్త ఫొటో వచ్చింది. తడిసిన సరుగుడు తోట, మధ్యలో వ్యాను, పైన పొగ. ఆ రోజుతో ఈల ఆగిపోయింది.

తన మీద తనకే అసహ్యం వేసేది. తమ్ముడిలాంటివాడు, భార్య పోయినవాడు. అయినా ఆ మంట తగ్గేది కాదు.

ఆగస్టులో ఒకరోజు ప్రేమావతి సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది. "మీకూ వెళ్లాలని ఉంటే వెళ్లొచ్చుగా. ఎవరాపారు?"

"ఉద్యోగం ఎవడు చేస్తాడు?"

"సెలవులు మురిగిపోతున్నయ్యని మీరే అంటారు. అమ్మాయి అనూహ్య హైదరాబాదులో దాని ఉద్యోగం అది చేసుకుంటోంది, మనల్ని ఏమీ అడగట్లేదు. ఇంకేం అడ్డం?"

యోసేపు గొంతు పెంచాడు. "భార్య పోయినోడు తిరుగుతాడు. నేనూ అట్టా తిరగాలంటే ఏం చెయ్యాలి?"

ప్రేమావతి దారం వదిలేసి అతని వంక చూసింది. "నేను పోవాలేమో," అంది మెల్లగా. "మన పెళ్లై ముప్పై ఒక్క ఏళ్లు. నన్నొక్కసారి సముద్రానికి తీసుకెళ్లారా? బందరు ఎంత దూరమండీ?"

"రోజంతా బస్సు నడిపొచ్చి మళ్లీ బస్సెక్కమంటావా?"

ఆమె మిషను తొక్కింది.

సెప్టెంబరు చివర్లో అది జరిగింది. మధ్యాహ్నం విజయవాడ బస్టాండులో యోసేపు టీ తాగుతున్నాడు. పక్క కొట్టులో టీవీ నడుస్తోంది. బంగాళాఖాతంలో వాయుగుండం, కాకినాడ వైపు అలలు రోడ్డు మీదికి కొడుతున్నాయని చూపిస్తున్నారు. అంతలో ఫోను మోగింది. సుందరరాజు.

"అన్నా, కాకినాడలో ఉన్నా. వాన దంచుతోంది. ఉప్పాడ మీదుగా బీచ్ రోడ్డున పోవచ్చంటావా? లేకపోతే పిఠాపురం మీదుగా లోపల్నించి పోనా? నువ్వు ఒకప్పుడు రెండు నెలలు ఆ రోడ్డున స్పెషల్ నడిపావుగా, నీకు తెలుస్తుందని."

యోసేపుకి తెలుసు. పోటు మీద ఆ రోడ్డెలా ఉంటుందో తెలుసు. అల వెనక్కిపోయేటప్పుడు గట్టుకి వేసిన రాళ్లని కూడా లాక్కుపోతుందని తెలుసు. టీవీ కళ్లముందే ఉంది.

వెనక నుంచి వాన చప్పుడు వినిపిస్తోంది, వ్యాను రేకుల మీద. సుందరరాజు ఏదో పాత కీర్తన కూనిరాగం తీస్తూ జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ కూనిరాగం యోసేపుకి ఎక్కడో గుచ్చుకుంది.

"పోరా. ఏం కాదు," అన్నాడు. "లోపలి రోడ్డంతా గుంతలే. బీచ్ రోడ్డునే పో."

"నువ్వు చెప్తే ఇంకేముంది. ఉంటా అన్నా."

ఫోను పెట్టేశాక టీ చల్లారిపోయింది. వాడు కాస్త దూరం పోయి, నీళ్లు చూసి, భయపడి వెనక్కి తిప్పుకుంటాడు, ఒళ్లంతా తడుస్తుంది, అంతే, అని యోసేపు తనకి తను చెప్పుకున్నాడు. నాలుగు రోజులు జలుబు చేసి తిరువూరు వచ్చేస్తాడు. అంతకంటే ఏం కాదు.

జి.కొండూరు దాటేదాకా ఆ మాట మీద నిలబడ్డాడు. తర్వాత నిలబడలేకపోయాడు. మైలవరంలో దిగి ఫోను చేశాడు. స్విచ్ఛాఫ్. ఎ.కొండూరులో చేశాడు. స్విచ్ఛాఫ్. తిరువూరులో జనం దిగిపోయాక సీట్లోనే కూర్చుని పదకొండుసార్లు చేశాడు.

"ఏంటి బాబాయ్, ఒంట్లో బాగోలేదా?" అని కరుణశ్రీ అడిగింది.

"బాగానే ఉంది," అన్నాడు. మళ్లీ అదే నంబరు నొక్కాడు.

మర్నాడు పదకొండింటికి తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆడగొంతు.

"ఆయ్, తిరువూరు యోసేపుగారాండీ? నా పేరు నూకరత్నం అండి. ఉప్పాడ దాటాక మాదో చిన్న పల్లెండి. మీ తమ్ముడుగారి బండిని అల కొట్టేసిందండి. మనిషి బాగానే ఉన్నారు, కంగారు పడకండి. చెయ్యొకటి విరిగింది. మావోళ్లు తాడేసి లాగేరండి."

వెనక నుంచి సుందరరాజు గొంతు. "అన్నతో చెప్పమ్మా, నా ఫోను నీళ్లల్లో పోయిందని. నాకు నోటికొచ్చిన నంబరు అన్నదొక్కటేనని."

యోసేపు ఆ పల్లెకి దారి అడిగి తెలుసుకున్నాడు.

సెలవు పెట్టి ఆ సాయంత్రమే బయల్దేరాడు. ప్రేమావతి తనూ వస్తానంది. వద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆమె బట్టల సంచీలో రొట్టెలు, సుందరరాజుకి ఒక కొత్త లుంగీ పెట్టింది.

ఆ పల్లెకి చేరేసరికి మర్నాడు పొద్దు బాగా ఎక్కింది. వాన సన్నగా పడుతోంది. నూకరత్నం ఇల్లు రేకుల ఇల్లు, ముందు చిన్న అరుగు. సుందరరాజు ఆ అరుగు మీద గోడకి దిండు వేసుకుని కూర్చున్నాడు. ఎడమ చేతికి పిండికట్టు, చెంప మీద గీరుకుపోయిన గాయం.

"అన్నా! వచ్చేశావా!" అని కేక పెట్టాడు, చిన్నపిల్లాడిలాగా.

చుట్టూ ఆరేడుగురు ఆడవాళ్లు. ఒకామె చేపల పులుసు తెచ్చింది. ఒకామె "ఆయన కారం తినలేరే" అని ఆమెని కసురుతోంది. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు అక్కడ్నించే "సుందరంగారూ, మీ అన్నగారాండీ?" అని పలకరించారు. వారం క్రితమే వాళ్లకి పరిచయమట. సుందరరాజు వాన తెరపి ఇచ్చిన రోజుల్లో ఈ పల్లెలో ఆగి, ముసలాయన్నొకర్ని కాకినాడ ఆసుపత్రికి వ్యానులో తీసుకెళ్లాడట, అక్కడే నాలుగు రోజులుండి అతన్ని చూసుకున్నాడట. మళ్లీ ఈ పల్లెకే వస్తుంటే అల కొట్టింది.

చెయ్యి విరిగి, బండి పోయి, పరాయివాళ్ల అరుగు మీద పడున్న మనిషిని చూసి కుళ్లుకోవడానికి ఏముంటుంది? యోసేపుకి ఉంది. పందొమ్మిదేళ్లు ఒకే రోడ్డున తిరిగితే, ఆ రోడ్డు పక్క జనానికి అతని బస్సు టైము తెలుసు. అతని పేరు తెలిసినవాళ్లు ఎందరు? వీడికి వారంలో ఒక ఊరే వచ్చింది. తను చేసిన పనికి చచ్చేంత సిగ్గుపడుతూనే, ఆ అరుగు ముందు వానలో నిలబడి, యోసేపు మళ్లీ కుళ్లుకున్నాడు.

వ్యాన్ని ఇసుక మీదికి లాగి పెట్టారు. ఒక పక్క రేకు లోపలికి నొక్కుకుపోయింది. అద్దాల మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. యోసేపు మూడు రోజులు దానితోనే గడిపాడు. పిఠాపురం నుంచి మెకానిక్కుని తీసుకొచ్చి ఇంజిను విప్పించాడు. బావి నుంచి మంచినీళ్లు తోడి, బండి లోపలా బయటా కడిగాడు. ఉప్పునీళ్లు తగిలిన ప్రతి బోల్టూ విప్పి, తుడిచి, నూనె రాశాడు. మంచం కింద ఒక ఆవకాయ సీసా దొరికింది. పగల్లేదు. మూతికి కట్టిన గుడ్డ ప్రేమావతి కుట్టే జాకెట్ల గుడ్డే, ముడి కూడా ఆమె వేసే ముడే. తనకి చెప్పకుండా ఇచ్చి పంపిందన్నమాట. ఆ సీసాని కూడా కడిగి, తుడిచి పెట్టాడు.

"నాకోసం ఎంత కష్టపడుతున్నావు అన్నా," అని సుందరరాజు అరుగు మీద నుంచి అనేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ యోసేపు వంచిన తల ఇంకాస్త వంచేవాడు.

మూడోరోజు వాన వెలిసింది. పరుపు బయట ఆరేశారు. సుందరరాజు వచ్చి ఇసుకలో తిరగేసిన పడవ మీద కూర్చున్నాడు.

"అల కొట్టేముందు నేను బండి ఆపేశా అన్నా," అన్నాడు. "రోడ్డు మీద రాళ్లు కనపడ్డయ్. వెనక్కి తిప్పుదామనుకున్నా. మళ్లీ అన్న పొమ్మన్నాడుగా, ఆయనకి తెలియని రోడ్డా అని ముందుకే పోయా. సముద్రం ఎప్పుడెట్టా ఉంటదో నీకు మాత్రం ఏం తెలుసులే."

అతను ఓదారుస్తున్నాడు. యోసేపు చేతిలో స్పానరు కింద పెట్టాడు.

"తెలుసురా," అన్నాడు.

"ఏంటి?"

"నాకు తెలుసు. నువ్వు ఫోను చేసినప్పుడు టీవీలో చూపిస్తున్నారు. అలలు రోడ్డు మీదికొస్తున్నయ్యని తెలిసే నిన్ను పొమ్మన్నా."

సుందరరాజు అర్థంకానట్టు చూశాడు. "ఎందుకూ?"

"కుళ్లు," అన్నాడు యోసేపు. ఇంకో మాట ఏదైనా దొరుకుతుందేమోనని ఆగాడు. దొరకలేదు. "నువ్వు సంతోషంగా ఉంటే చూళ్లేకపోయా. బోర్డు లేని బండి నా మాట. నేను అనుకుని ఊరుకున్నా, నువ్వు బయల్దేరి పోయావు. తడిసి తిరిగొస్తావనుకున్నా. చస్తావని అనుకోలేదురా. దేవుడి తోడు, అంత అనుకోలేదు."

సుందరరాజు పడవ అంచున ఎండిన నాచుని గోటితో గీరుతూ కూర్చున్నాడు. దూరంగా ఎవరో వల లాగుతూ కేకలు వేసుకుంటున్నారు.

"ఆ మాట నీదేనని నాకు గుర్తుంది అన్నా," అన్నాడు చివరికి. "నువ్వు చూసి నవ్వుకుంటావని పెట్టా. నీకిష్టమని పెట్టా."

యోసేపు ముఖం తిప్పుకున్నాడు.

"నాకీ సంగతి చెప్పకుండా ఉంటే పోయేది. చెప్పేశావు. నీ బరువు దిగింది. ఇప్పుడు దీన్ని నేనేం చేసుకోవాలి?"

"తిట్టు. కొట్టు."

"ఒంటిచేత్తో ఏం కొడతాను," అన్నాడు సుందరరాజు. అందులో నవ్వు లేదు. లేచి నిలబడ్డాడు. "సాయంత్రం కాకినాడకి బస్సుంది అన్నా. ఇంజిను సంగతి మెకానిక్కు చూసుకుంటాడు. నువ్వు వెళ్లు."

నూకరత్నానికి ఏమీ తెలియదు. ఆమె ఎండుచేపలు పొట్లం కట్టి, "వదినగారికివ్వండి, ఆవిడ్నోసారి పంపించండి" అంటూ బస్సు దాకా వచ్చింది. సుందరరాజు రాలేదు.

ఇంటికొచ్చి యోసేపు ప్రేమావతికి అంతా చెప్పాడు. ఆమె మిషను ఆపి విన్నది. తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఆమె లేచి ఎండుచేపల పొట్లం విప్పి, డబ్బాలో పోసి మూతపెట్టింది. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడోరోజు అన్నం వడ్డిస్తూ అంది. "మీకు వాడి మీద కాదండీ కోపం. మీ మీద మీకే. అది వాడి మీద పోశారు."

యోసేపు అన్నం కలుపుకుంటూ ఉండిపోయాడు. ఆమె చెప్పింది నిజమేమో. నిజమైనంత మాత్రాన మంట చల్లారలేదు.

నవంబరులో కట్టు విప్పేశారు. సుందరరాజు మళ్లీ బండెక్కాడు. ఈసారి డిపో గ్రూపులో ఏమీ పెట్టలేదు. గ్రూపులోంచే వెళ్లిపోయాడు. వాయిస్ మెసేజీలు ప్రేమావతి ఒక్కదానికే వచ్చేవి. ఆమె ఇప్పుడు పెద్దగా పెట్టుకునేది కాదు, చెవి దగ్గర పెట్టుకుని వినేది. యోసేపు పక్క గదిలో కూర్చుని, ఆమె నవ్విన చోట ఏం జరిగుంటుందో ఊహించుకునేవాడు. ఎక్కడున్నాడని అడగాలనిపించేది. అడిగే హక్కు లేదని ఊరుకునేవాడు.

నూకరత్నం, ప్రేమావతి ఫోన్లో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. డిసెంబరు మొదట్లో తుపాను ముసురు పట్టినప్పుడు ప్రేమావతి చెప్పింది. "నేను నూకరత్నం వాళ్లింటికి వెళ్తున్నా. ముసురు తగ్గగానే మీ తమ్ముడు అక్కడికొస్తాడంట. మా ఇద్దర్నీ బండిలో భీమిలి దాకా తీసుకెళ్తానన్నాడు. వారం రోజులు."

"నేను..." అని ఆగిపోయాడు యోసేపు.

"మిమ్మల్ని రమ్మనలేదు," అంది ఆమె. కఠినంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది.

ఆమె ఎక్కింది యోసేపు బస్సే. పొద్దున ఎనిమిదిన్నర ట్రిప్పు. కరుణశ్రీ దగ్గర టికెట్టు తీసుకుని డ్రైవరు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. కొత్త చీర, ఒళ్లో సంచీ, చేతిలో గొడుగు. దారి పొడుగునా సన్నని వాన. యోసేపు ఎప్పటికంటే నెమ్మదిగా నడిపాడు.

విజయవాడలో కాకినాడ బస్సు దగ్గరికి సంచీ మోశాడు. కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు.

"మీ తమ్ముడికేమైనా చెప్పమంటారా?" అని అడిగింది ప్రేమావతి.

చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. దారంతా వెతుక్కున్నాడు కూడా. "అడిగానని చెప్పు," అన్నాడు.

"అంతేనా?"

"వినాలనుంటేనే చెప్పు."

ఆమె తలూపింది. బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి వెనక్కి చూడలేదు. అప్పటికే ముందున్న రోడ్డు చూస్తోంది, మొదటిసారి బస్సెక్కిన పిల్లలా మెడ చాపి. యోసేపుకి ఆ ముఖం నచ్చింది. ఆ ముఖం మీదా కుళ్లు పుట్టింది. రెండూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందో అతనికి తెలియలేదు.

"బాబాయ్, మన టైమైంది," అని కరుణశ్రీ పిలిచింది.

అతను వెళ్లి సీట్లో కూర్చున్నాడు. ఆ కుళ్లు తనలోంచి ఇక పోదని అతనికి అర్థమైంది. ఈసారి దాన్ని ఎవరి దారిలోనూ పెట్టకుండా మోసుకు తిరిగితే చాలనుకున్నాడు. తిరువూరు జనం తడిసిన గొడుగులు దులుపుకుంటూ ఎక్కుతున్నారు. చివరి మనిషి ఎక్కేదాకా ఆగి, బస్సు తీశాడు.